లాగి చూడని ముడి

హనుమకొండ మైదానంలో విమానాల క్లబ్బు వాళ్లు పాతిన రేకు బోర్డు మీద రూల్సన్నీ సారంగపాణి చేతిరాతే. కొత్తవాడలో మగ్గం నేసే మనిషి. ఆదివారం వచ్చిందంటే చాలు, తేలిక చెక్కతో చేసుకున్న బుల్లి విమానాన్ని చంకన పెట్టుకుని బయలుదేరేవాడు. ఇంజన్ అంటుకోగానే అది రెండు సన్నని ఉక్కు తీగల చివర, అతని చుట్టూ గిర్రున ఎగిరేది.

చూసేవాళ్లు చుట్టూ గుండ్రంగా గీసిన సున్నపు గీత దాటి లోపలికి రాకూడదు. ఇద్దరు కలిసి ఎగరేస్తే, ఒకరి తీగలు మరొకరు గట్టిగా లాగి చూడాలి. ఈ రెండూ తప్పినవాళ్లను అతను అందరి ముందూ కడిగేసేవాడు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక ఆదివారం అతనూ, క్లబ్బులోనే ఉన్న మల్లికార్జునూ ఒకే గీత లోపల జోడీగా ఎగరేశారు. మొదటిసారి తీగలు పెనవేసుకుని సారంగపాణిది ఒకటి తెగింది. చిటికెలో ముడేశాడు. మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడే అది.

మల్లికార్జున్ చెయ్యి చాపాడు. "జర ఆగన్నా, లాగి చూస్త."

సారంగపాణికి చుర్రుమంది. "నా ముడినా? ఇరవై ఏండ్ల సంది ఏస్తాన, ఒక్కటన్న జారిందా? ఫికర్ జెయ్యకు, ఇంజన్ స్టార్ట్ జెయ్యి."

నూలు ముడి నూలును పట్టుకుంటుంది గానీ నున్నటి ఉక్కును పట్టదు. అంత పనిమంతుడికీ ఆ సంగతి తోచనే లేదు.

మళ్లీ ఎగరేశాక మూడో చుట్టులో ముడి జారింది. బరువంతా మీద పడి రెండో తీగా తెగింది. విమానం గీత దాటి, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అతని భార్య లక్ష్మీనర్సమ్మ మీదికి దూసుకుపోయింది. ఆమె పక్కకు ఒరిగిపోయింది.

సారంగపాణి ఆమె దగ్గరికి పరుగెత్తాడు. గీత దాటొద్దని ఆమెకు చెప్పింది తనే. ఆమె దాటలేదు కూడా.

దవాఖానలో చెవి పైన ఏడు కుట్లు పడ్డాయి. డాక్టరమ్మ ఒక్కో కుట్టూ ముడివేసి, లాగి చూసి, ఆ తర్వాతే ఇంకో కుట్టుకు పోతోంది. ఆమె లాగినప్పుడల్లా భార్య చెయ్యి పట్టుకుని నిలబడ్డ సారంగపాణి కళ్లు తుడుచుకుంటున్నాడు.

లక్ష్మీనర్సమ్మ కళ్లు తెరిచింది. "నాకేం గాలే, ఏడువకయ్యా. నీ ముడి ఎన్నడు ఊడదు గద, ఇయ్యాల ఎట్ల ఊడింది?"

తీగ పాతదని చెప్పబోయాడు. డాక్టరమ్మ ఇంకో ముడి లాగింది.

"మల్లికార్జున్ లాగి చూస్తనన్నడు. నేనే చూడనియ్యలే."

లక్ష్మీనర్సమ్మ అతని చేతిలోంచి తన చెయ్యి మెల్లగా తీసేసుకుంది.