పేరు కొట్టే చెయ్యి

విజయరాణి ఎడమ కన్ను మూసుకుని టిఫిన్ డబ్బా మూత మీద చివరి అక్షరం కొడుతోంది. చూసేవాళ్ళు అదేదో పనితనం అనుకుంటారు, గురి చూస్తోందనుకుంటారు. రెండు కళ్ళూ తెరిస్తే ఒక డబ్బా రెండు డబ్బాలుగా కనిపిస్తుంది, అంతే సంగతి. మెడ చుట్టూ తడి తువ్వాలు. ఒళ్ళో మడతపెట్టిన గోనెసంచి, దాని మీద మూత, మూత మీద ఝుమ్మంటూ వణికే చేతిమిషను. ఆ వణుకు ఆమె కుడిచేతి చివరి వేళ్ళకు తెలియదు. అందుకే వేళ్ళకు కన్నును కాపలా పెట్టి పని చేస్తుంది.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గర దామోదర్ సేటుది స్టీలు సామాన్ల దుకాణం. అందులో కూలర్ పక్కనున్న పీట విజయరాణిది. పెళ్ళయిన కొత్తలో ఎక్కిన పీట అది, ఇప్పటికీ దిగలేదు. బక్కపలచని మనిషి. నుదుటన పెద్ద బొట్టు, ముక్కుకు సన్నటి పుల్ల, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని స్టీలు పొడి. ఈ ఊళ్ళో ఎన్ని వంటిళ్ళలో తన రాత ఉందో ఆమెకే తెలియదు. ఆ ఇళ్ళవాళ్ళు రోజూ ఆ అక్షరాలను తోముతారు గానీ, ఎవరు రాశారని అడిగిన పాపాన పోలేదు. అందుకు ఆమెకు బాధేమీ లేదు. పక్కింటికి పోయిన గిన్నె పేరు చూసుకుని తిరిగొస్తే చాలు, తన పని అయినట్టే.

ఆమెకున్న జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. దవాఖానలో పొట్టిగా ఎమ్మెస్ అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు అత్త పోశమ్మ, "గది డాక్టర్ల పేర్ల ఎనక ఉంటది గదా" అని కాస్త సంతోషపడింది కూడా.

అంతకు ముందే పోశమ్మ చేయగలిగిందంతా చేసింది. కోడలు కాలు ఈడుస్తోందని చూసి, వాతమనుకుని, వావిలాకు తెంపుకొచ్చి కాగులో మసలబెట్టింది. పొగలు కక్కే నీళ్ళు నడుము మీద పోసి, ఇటుక వేడి చేసి కాపడం పెట్టింది. స్నానాల గదిలోంచి లేవబోయిన విజయరాణికి కళ్ళ ముందు అంతా బూడిదరంగైంది, కాళ్ళు పిండిలా జారిపోయాయి. "వాతం గట్టిదే ఉన్నది" అని పోశమ్మ మర్నాడు ఇంకో కాగు పెట్టింది. ఆ మర్నాడు మరొకటి. ఎంత ప్రేమగా పోస్తే కోడలు అంతగా కూలిపోయింది. చివరికి హైదరాబాదులో డాక్టర్ మైత్రి విషయం విప్పి చెప్పింది. ఒంటిని కాయాల్సిన బలగమే నరాల మీది పొరను కొరికేస్తోంది, కంచే చేను మేస్తోంది. పొర పోయిన నరానికి వేడి పడదు.

"నా చేతులతోని నేనే ఉడకబెట్టిన గదరా దీన్ని!" అని పోశమ్మ ఆ రోజు ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని గుండెలు బాదుకుంది. అప్పటినుంచి కోడలి స్నానానికి కుండలో నీళ్ళు చల్లారబెట్టేది ఆమే. ఈ ఉదయం కూడా పక్కింటి ఫ్రిజ్ దగ్గర నిలబడి ఐసుముక్కలు అడిగి తెచ్చి, సీసాలో వేసి ఇచ్చింది.

ఈ సాయంత్రం విజయరాణి హైదరాబాదు బస్సెక్కాలి. ఇన్నాళ్ళూ పొడుచుకున్న సూదులు గుడ్డికంటే మెల్ల నయం అన్నట్టు పనిచేశాయి. తొలకరిలో ఒక దెబ్బ కొట్టింది జబ్బు, దసరా తర్వాత మరొకటి. రెండోది కుడిచేతి మీద పడింది. రేపటినుంచి కొత్త మందు, సెలైనులా ఎక్కిస్తారు. దాని గురించి డాక్టర్ మైత్రి ఉన్నదున్నట్టు చెప్పింది.

"పోయినదాన్ని ఇది తెచ్చివ్వదమ్మా. ఉన్నదాన్ని కాపాడాలని ఇస్తున్నాం. అందరికీ ఒకేలా పనిచేస్తుందని మాటివ్వలేను."

"పోయినదాన్ని తెచ్చే మందు లేదా మేడం?"

"దాని మీద చాలామంది పనిచేస్తున్నారు. ఇంకా చేతికి రాలేదు."

"అయితే అది వచ్చేదాక నా చెయ్యి ఉండాలె. చెయ్యి మొత్తం పోయినంక మందొస్తే నేనేం జేసుకోవాలె?"

డాక్టరు ఏదో రాస్తున్నదల్లా కలం ఆపి నవ్వింది. విజయరాణి నవ్వలేదు. అది ఆమెకు హాస్యం కాదు, లెక్క. మంచి మందు ఎక్కడో బయలుదేరింది, దారిలో ఉంది. అది వచ్చి తలుపు కొట్టేనాటికి తీయడానికి తను ఇంట్లో ఉండాలి, చెయ్యి పనిలో ఉండాలి. వాడకట్టులో "గా జబ్బుకు ఎన్ని మందులు వాడినా గంతేనట" అనేవాళ్ళకు ఆమె ఒకటే చెప్పేది: "గంతేనో ఎంతనో నేను చూసి చెప్త, నువ్వు ఆగు."

మధ్యాహ్నం ఎండ షట్టరు దాకా వచ్చేసరికి దుకాణం ముందు ఒక వ్యాను ఆగింది. అందులోంచి తెల్లటి పెట్టెలాంటి యంత్రాన్ని, కంప్యూటరును దింపించాడు అరుణ్‌కుమార్ అనే అమ్మకాల మనిషి. పేర్లు కొట్టే లేజరు మిషను. దామోదర్ సేటు విజయరాణి వైపు చూడకుండా గల్లాపెట్టె తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"ఊకె చూద్దమని తెప్పిచ్చిన విజయమ్మా" అన్నాడు ఎవరూ అడగకపోయినా.

అప్పటికే కుకునూరుపల్లి నుంచి ఒక నడివయసు ఆడమనిషి వచ్చి కూర్చుని ఉంది. తండ్రి దినాలకు భోజనానికి వచ్చినవాళ్ళందరికీ తలా ఒక స్టీలు పళ్ళెం పంచుతారట, ఒక్కోదాని మీద ఆయన పేరు, కింద 'జ్ఞాపకార్థం' అని ఉండాలట. ఈ చుట్టుపక్కల అది మామూలే. పోయినవాళ్ళ పేరుతో నలుగురూ అన్నం తినాలి. ఆ పళ్ళేలను మిషను కింద పెట్టి చూపించాడు అరుణ్‌కుమార్. నీలం వెలుగు అటూ ఇటూ గీసింది. పేరు, పేరుకు రెండు వైపులా దీపాలు, కింద ఆ మాట, అన్నీ పుస్తకంలో అచ్చేసినట్టు పడ్డాయి. విజయరాణి ఒక పళ్ళేనికి తీసుకునే సమయంలో పళ్ళేల దొంతర అయిపోయింది.

సేటు మొహం వెలిగిపోయింది. "అబ్బ, ఏం జెప్పాలె! చెయ్యి వణుకుడన్న ముచ్చటే లేదు దీనికి."

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

విజయరాణి చేతిమిషను ఆపి పక్కన పెట్టింది. "మొన్న గడప కాడ నా కాలు జారింది సేటు. ఇయ్యాల మీ నోరు జారింది. రెండిట్ల ఏది ఎనకకు తీసుకోవచ్చునో పెద్దలు చెప్పనే చెప్పిన్రు."

"అట్ల కాదు తల్లీ. ఇంటికాడ రెస్టు తీసుకుంటవని... నెలనెలా నాకు తోచింది పంపిస్త."

"పింఛిని నాకొద్దు, పీట కావాలె. మందు ఎక్కిచ్చుకొని వస్త. గా మిషను గాడ ఉండనీ, నేను గీడ ఉంట. దాన్ని పొమ్మంటున్ననా నేను?"

సేటు చెడ్డవాడు కాదు. ఆమె పడిపోయిన రోజున దుకాణం మూసి ఆస్పత్రికి తీసుకెళ్ళినవాడే. నొచ్చుకున్న మనసును కానుకతో మాన్పాలనుకోవడం వ్యాపారస్తుల అలవాటు. మంచి బరువైన పళ్ళెం ఒకటి తీసి అరుణ్‌కుమార్ చేతికిచ్చాడు.

"దీని మీద మా విజయరాణి పేరు గొట్టు తమ్మీ. ఊరందరి పేర్లు గొట్టింది, దాని పేరు ఎన్నడూ ఎవరూ గొట్టలే."

అరుణ్‌కుమార్ చకచకా పై వరుస చెరిపి ఆమె పేరు కొట్టాడు. నీలం వెలుగు గీసింది. సేటు పళ్ళెం తీసి, తుడిచి, ఆమెకు ఇవ్వబోయి ఆగిపోయాడు. 'శ్రీమతి విజయరాణి.' అటొక దీపం, ఇటొక దీపం. కింద 'జ్ఞాపకార్థం.' కుర్రవాడు పై వరుస మార్చాడు గానీ కింది వరుస మరిచిపోయాడు.

కుకునూరుపల్లి ఆవిడ చెంపలు వేసుకుంది. సేటుకు చెమటలు పట్టాయి. "అపశకునం! తుక్కుల పడేయ్, తుక్కుల పడేయ్" అంటూ పళ్ళేన్ని వెనక్కి దాచుకున్నాడు.

విజయరాణికి భయం వేసింది. లేదంటే అబద్ధం. ఎన్నో పేర్ల కింద తన చేత్తో కొట్టిన మాట అది. కాళ్ళు కదలని పొద్దుల్లో పడక మీద, పైకప్పు మీద మనసులోనే తన పేరు రాసుకుని, దాని కింద ఆ మాటను చూసుకున్న రోజులున్నాయి. ఇప్పుడది స్టీలు మీద తళతళలాడుతోంది. భయం వెంటే ఒళ్ళు మండింది. ఎవడు రాయమన్నాడు? ఆమెను అడిగారా?

"ఇటియ్యి సేటు."

"వద్దమ్మా."

"నా పేరున్నది, నాది. ఇటియ్యి."

తువ్వాలు తడిపి మళ్ళీ మెడకు చుట్టుకుంది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఎడమ కన్ను మూసింది. మిషను ఝుమ్మంది. ముందు ఆ మాటను అడ్డంగా గీకింది, నిలువుగా గీకింది, ఒక్క అక్షరమైనా చదవడానికి మిగలకుండా గీకింది. వేళ్ళు రెండుసార్లు పట్టు తప్పాయి. ఎడమచేత్తో వాటిని బిగించి పట్టి, దాని కింద ఇంకొంచెం చెక్కింది.

బయట మొగుడు నరేందర్ ఆటో హారన్ కొట్టాడు. వచ్చి పెళ్ళానికి భుజం అందించాడు. "బస్సు యాళ్ళయింది. అవ్వ సంచి సదిరిచ్చింది, ఐసు గూడ పెట్టింది."

విజయరాణి లేచి, కాలు కుదుర్చుకుని, పళ్ళేన్ని సేటు చేతిలో పెట్టింది. "ఇంటికి తీస్కపోను. గీడనే ఉండనీ" అంది. గడప దగ్గర ఒక చెయ్యి గోడకు ఆనించి, ఒక చెయ్యి మొగుడి భుజాన వేసి, తన కాలు తను పెట్టుకుని దిగింది. ఆటో బస్టాండు వైపు తిరిగింది.

దామోదర్ సేటు ఆ పళ్ళేన్ని తుక్కులో వేయలేదు. స్టూలెక్కి గోడకు మేకు కొట్టి, ఖాళీ పీటకు సరిగ్గా పైన వేలాడదీశాడు. మిషను రాసిన ఆమె పేరు నున్నగా, నిటారుగా ఉంది, దాని కింద గీకేసిన మసక, ఆ మసక కింద ఎగుడుదిగుడుగా, లోతుగా, చేత్తో చెక్కిన ఒకే ఒక్క మాట: 'పోయొస్త.'