అంచు కత్తిరించిన ర్యామ్

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. వంటింట్లో పిన్ని, స్నానాల గదిలో బాబాయి, వీధి గదిలో కిటికీ పక్కన నానమ్మ, ఆమె కాళ్ళ దగ్గర పాత ర్యామ్ పలకల డ్రాయరు ముందేసుకుని పిల్లి. అడుగుల చప్పుడు కూడా వినిపించనివ్వదని ఆ అమ్మాయికి బాబాయి పెట్టిన పేరు అది. ఇంటిల్లిపాదికీ అదే అలవాటైపోయింది.

వీధి గదే బాబాయి కంప్యూటర్లు బాగుచేసే చోటు. సెలవుల్లో తనూ అక్కడి పనిబల్ల దగ్గర కూర్చుని పని చేస్తానని పిల్లి పిన్నితో ఆయనకి చెప్పించింది. బాబాయి తలెత్తకుండానే అన్నాడు: "దాని చేతికి పని వచ్చు, కాదనను. కానీ మనిషి గడప తొక్కగానే కర్టెన్ వెనక్కి పోతుంది. వచ్చినవాళ్ళకి సమాధానం నువ్వు చెబుతావా?" ఆ మాట అప్పటినుంచి ఆమెకు గొంతులో ముల్లే. ఈ సెలవుల్లో ఆమెకి ఆ బల్ల తప్ప ఇంకేదీ అక్కర్లేదు.

డ్రాయరులో అడుగున పురుగుల్లా కాళ్ళున్న నల్ల చిప్పులు. ఒక్కొక్కటే బోర్డులో గుచ్చాల్సి వచ్చిన కాలానివి. వాటిమీద పొట్టి పలకలు, ఆ పైన పొడుగువి. పొడుగువన్నీ అక్కచెల్లెళ్ళలా ఒక్కలాగే ఉంటాయి గానీ, కింది అంచున గాటు మాత్రం ఒక్కో తరానికి ఒక్కో చోట. ఒక తరం దాన్ని ఇంకో తరం స్లాట్లో పెట్టకుండా చేసిన ఏర్పాటు అది. పిల్లి కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమి తరం చెప్పేస్తుంది.

"మా ఫ్యాక్టరీలో ఇవేవీ లేవే," అంది నానమ్మ. పెళ్ళికి ముందు ఆమె ఉద్యోగం కంప్యూటర్లకి జ్ఞాపకం అల్లడం. ఆవగింజ కంటే చిన్న అయస్కాంతపు పూసల్లోంచి, భూతద్దం కింద, రాగి తీగలు దూర్చడం. "ఒక్క చట్రం అల్లేసరికి కళ్ళు బైర్లు కమ్మేవి. అయితేనేం, కరెంటు పోయినా అందులోది చెక్కుచెదిరేది కాదు. ఇవి స్విచ్ ఆపితే కన్నతల్లిని కూడా మర్చిపోతాయి."

స్నానాల గదిలోంచి బాబాయి గొంతు వినిపించింది. "నువ్వు అల్లినవన్నీ కలిపినా ఒక్క ఫోటో పట్టదమ్మా."

"నీ ఫోటో కోసం అల్లామా ఏంట్రా? లెక్కల కోసం అల్లాం."

అంతలో ఫోటో స్టూడియో ఆయన సీపీయూ మోసుకుంటూ, వగరుస్తూ వచ్చాడు. పిల్లి కర్టెన్ వెనక్కి మాయమైంది.

"కొంప మునిగింది పెద్దమ్మా. కంప్యూటరు నత్తలా నడుస్తోందని ఎక్కువ పట్టే కొత్త ర్యామ్ కొన్నాను. గాటు దగ్గర అడ్డం తగిలి దిగనంది. కొంచెం అంచు కత్తిరించి నొక్కాను."

"కత్తిరించావా?"

"ఫోటో ఫ్రేములో పట్టకపోతే కత్తిరించమా? చెయ్యి అలవాటు." ఆయన నవ్వబోయి నవ్వలేకపోయాడు. "ఇప్పుడు తెర వెలగడం లేదు. పెళ్ళి ఫోటోలన్నీ అందులోనే. సాయంత్రం పెళ్ళికూతురు వస్తుంది. మెమరీ పాడైతే అన్నీ పోయినట్టేగా?"

"నాకేం తెలుసు నాయనా, నాది పూసల కాలం," అంది నానమ్మ. లోపల చెంబు చప్పుడు ఆగలేదు. స్టూడియో ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు.

కర్టెన్ వెనక పిల్లి అంతా వింటోంది. ఒక్క మాటతో ఆయన ప్రాణం కుదుటపడుతుంది. ఆ మాట తన నోట్లోనే ఉంది.

"పోలేదండీ."

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. బయటికొచ్చింది. "ఫోటోలు ర్యామ్‌లో ఉండవండీ, హార్డ్ డిస్కులో ఉంటాయి. ర్యామ్ పని చేసేటప్పుడు పట్టుకునే చెయ్యి లాంటిది. చేతిలోది జారితే బీరువాలోది పోతుందా?"

మాట్లాడుతూనే మూత విప్పి, కత్తిరించిన పలక బయటికి లాగింది. "సగమే దిగింది, స్లాటు బతికింది. మీ బోర్డు మూడో తరం, మీరు కొన్నది నాలుగోది." డ్రాయరులోంచి ఒకటి తడిమి తీసి, దాని బంగారు రంగు అంచుని రబ్బరుతో రుద్ది, రెండు కొక్కేలూ టక్కుమనేదాకా నొక్కింది. బల్ల మీది తెరకి తీగలు కలిపి స్విచ్ వేసింది. కుయ్ మని ఒక్క కూత. ఫోటోలు తెరవగానే తెర మీద పెళ్ళికూతురు పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

స్టూడియో ఆయన జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఎవరమ్మాయి పెద్దమ్మా? ఇన్నిసార్లొచ్చాను, ఎప్పుడూ చూడలేదే."

"కర్టెన్‌ని అడుగు, చెబుతుంది."

"మరి నా కంప్యూటరు నత్తనడక మాట ఏంటమ్మా?" ఈసారి ఆయన పిల్లినే అడిగాడు.

"పక్క స్లాట్లో ఇదే తరంది ఇంకోటి వేద్దామండీ. తేడా మీకే తెలుస్తుంది."

తడి తలతో బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. "విన్నారుగా, అలాగే కానివ్వండి," అని నానమ్మ చెయ్యి పట్టుకుని లేపాడు. "మీరూ లోపలికి రండి, టీ తాగుదాం. పని చేసేవాళ్ళ నెత్తిన కూర్చుంటే ఎలా?"

"నాకిక్కడే గాలొస్తుందిరా."

"వంటింట్లో ఫ్యానుంది."

ముగ్గురూ కదిలారు. పిల్లి రెండడుగులు వెంట నడిచింది. "బాబాయ్, ఇంకెవరైనా వస్తే?"

"వస్తే నువ్వే చెప్పు," అన్నాడు బాబాయి నవ్వు బిగబట్టి. బల్ల దగ్గర ఆమెని వదిలేసి, లోపలి తలుపు ఆమె మొహం మీదే మూసేశాడు.