అరుగు మీది నీడ

నేనింతకు ముందు ఎన్నడూ ఏం రాయలే. అయిదో తరగతితోనే నా బడి బందయింది. తప్పులుంటే మన్నించున్రి.

మాది లాల్‌గడి మలక్‌పేట్. మా గల్లీల ప్రతి ఇంటి ముందర ఒక అరుగుండేది. శుక్రవారం శుక్రవారం ఎర్రమట్టి కలిపిన జాజు పూసి ముగ్గేసేటోళ్లం. జాజు ఆరేదాంక దాని మీద ఎవ్వరూ కాలు పెట్టరు, ఇంటికి మంచిది కాదంటరు. పొద్దున మా అత్త మైసమ్మ అరుగు మీద కూసోని చాయ్ తాగేది. స్కూలు బస్సు కోసం వచ్చే పిల్లలు ఆమె పక్కన కూసుంటే బూట్ల లేసులు కట్టేది.

కొత్త వెంచర్లు పడ్డంక కార్లొచ్చినయ్. కార్లకు ర్యాంపులు కావాలె. ముందుగాల గౌరయ్య తాత అరుగు పలగ్గొట్టిన్రు. తాత లేచి ఇంట్లకు పోయిండు గానీ, ఆయన నీడ కూసున్నది కూసున్నట్టే గోడకు ఉండిపోయింది. ఎవ్వరూ వింతగా చూడలే. కోడలు సున్నమేసింది, నీడ మళ్లీ తేలింది. తొమ్మిదో రోజు తాత సచ్చిపోయిండు. తర్వాత బాలమణి అవ్వ అరుగు. ఆమెకు ఆరు రోజులే పట్టింది.

నిన్న మా ఆయన రవీందర్ కారు కొన్నడు.

"రేపు పొద్దుగాల అరుగు కొట్టనీకి హరీష్ మిషన్ తెస్తడు," అన్నడు.

"మరి అత్త యాడ కూసుంటది?" అన్న, మెల్లగ.

"కారు యాడ పెట్టాలె? నీ నెత్తి మీదనా?"

"నన్ను డిక్కీల ఏస్కోరా కొడకా, సల్లగ కూసుంట," అని అరుగు మీద కూసున్న అత్త నవ్వింది.

నవ్వుకుంటనే లేచి లోపలికి పోయింది. నీడ లేవలే. అరుగింకా పగల్నే లేదు. తొమ్మిది, ఆరు... ఇగ మూడే అనుకున్న.

తెల్లారి అందరికన్నా ముందు లేచి అరుగుకు జాజు పూసిన. హరీష్ వచ్చి ఆగిండు.

"ఇయ్యాల శుక్రవారం కాదు గద వదినా?"

"ఆరలే," అన్న.

అతను బీడీ తాగుకుంట కూసున్నడు. ఆరబోతుంటే మళ్లీ పూసిన.

"పిచ్చి లేసిందా నీకు?" అని మా ఆయన అరిసిండు.

"ఆరలే," అన్న మళ్ల. మూడోసారి పూసినంక హరీష్ మిషన్‌ను ఆటోల ఏస్కోని పోయిండు.

పిల్లలొచ్చిన్రు. అత్త చాయ్ గిలాసతోని గడపల నిలబడ్డది.

"ఆరిందా బిడ్డా?"

"నీకు ఆరిందత్తా. కూసో."

పోయి సక్కగ తన నీడలనే కూసుంది. ఒక పిల్ల లేసు కట్టనీకి అత్త వంగింది. గోడ మీద నీడ గూడ వంగింది.

హరీష్ రేపు మళ్లొస్తడట. బకెట్ల ఇంకింత జాజు కలిపిన.