కానాలో ఇవ్వని మాట

బిగుతు మేజోళ్ళు తొడగాలంటే ముందు పాదాలకి పౌడర్ రాయాలి. ఆ తర్వాత మేజోడును మడమ దాకా తిరగేసి, వేళ్ళకి తగిలించి, కొంచెం కొంచెంగా పైకి లాగాలి. తిబెరియాలోని హోటల్ గదిలో నేల మీద మోకాళ్ళూని డింప్నా అత్తగారి కాళ్ళకి ఆ పని చేస్తుంటే, మంచం మీద కూర్చున్న ఆవిడ టీ కప్పులోకి చూసి మూతి ముడిచింది.

"ఈ టీ తాగాక తెలిసిందే డింప్నా, కానా పెళ్ళిలో ప్రభువు నీళ్ళని ద్రాక్షరసంగా ఎందుకు మార్చాడో!"

డింప్నా నవ్వింది. తొంభై దాటిన ఐలీన్‌కి కాళ్ళు పడిపోయాయి కానీ నోరు మాత్రం చురుకే.

తలుపు తోసుకుని ఫెర్గల్ తొంగిచూశాడు. "ఇంకా కాలేదా? అందరూ బస్సెక్కేశారు. నాయకుడి ఇంటివాళ్ళే ఆలస్యమైతే ఏం బాగుంటుంది?"

ఫెర్గల్ రిటైరైన హెడ్మాస్టరు. మేయో తీరంలోని తమ ఊరి చర్చి తరఫున ఏటా పవిత్ర భూమికి యాత్రికులని తీసుకొస్తాడు. ఈసారి వాళ్ళమ్మనీ తీసుకెళ్తున్నానని చర్చి హాల్లో చెప్పినప్పుడు, ఆ రాళ్ళ దారుల్లో ఆవిడ చక్రాల కుర్చీ ఎవరు తోస్తారని ఎవరో అడిగారు. "డింప్నా ఉందిగా. తనకేం ఫర్వాలేదు" అన్నాడు. డింప్నా అప్పుడు పక్కనే నిలబడి కేకు కోస్తోంది. ఆమెని మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకని ఈ వారంలో ఆమె చూసిన పవిత్ర భూమి వేరు. ఏ చర్చికి వెనకవైపు కుర్చీ ఎక్కే వాలు ఉందో, ఏ మరుగుదొడ్డి తలుపులో కుర్చీ పడుతుందో ఆమెకి తెలుసు. గలిలయ సముద్రం మీద పడవలోకి కుర్చీ ఎక్కదన్నారు. అందరూ పాటలు పాడుకుంటూ వెళ్ళి వచ్చేదాకా ఒడ్డున అత్తగారితో కూర్చుని చేతిసంచులకి కాపలా కాసింది. స్నేహితురాలు కొన్సెప్టా "కాసేపు నేను కూర్చుంటానే, నువ్వెళ్ళు" అంటే ఫెర్గలే జవాబిచ్చాడు. "నువ్వు సరదాగా చూసిరా కొన్సెప్టా. డింప్నాకి అలవాటే."

అసలామె ఈ యాత్రకి కాదనకుండా వచ్చింది కపెర్నహూము కోసమే. చనిపోయిన చిన్నపిల్లని ఏసు చెయ్యి పట్టుకుని లేపిన ఊరది. ఆ వాక్యం అక్కడే చదువుతారని తెలిసి భర్తని ముందే బతిమాలింది. "ఆ కాసేపూ అత్తయ్యని నువ్వు చూసుకో. నాకక్కడ ఊరికే కూర్చోవాలనుంది." "చదివేది నేనేగా, ఎలా కుదురుతుంది?" అన్నాడు. సరిగ్గా ఆ వేళకే అత్తగారికి మరుగుదొడ్డి అవసరం పడింది. గోడ అవతల మైకులో భర్త గొంతు వినబడింది, మాటలు మాత్రం నీళ్ళ చప్పుడులో కలిసిపోయాయి. తిరిగొచ్చేసరికి అందరూ ఫోటోకి నిలబడి ఉన్నారు. "వచ్చావా? నువ్వే తియ్యి డింప్నా" అన్నారు. తీసింది. తర్వాత బస్సు కిటికీకి తల ఆనించి, ఆ గలిలయ సముద్రంలోకి నడుచుకుంటూ పోతే నీళ్ళు తలదాకా రావడానికి ఎంత దూరం పోవాలో అని ఆలోచించింది. మరుక్షణం అత్తగారి మాత్రల వేళ గుర్తొచ్చింది. చావడానికైనా తీరిక లేని బతుకు అనుకుంటే నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

ముప్ఫై అయిదేళ్ళ కిందట ఆమెకి ఆడపిల్ల పుట్టింది, ఊపిరి లేకుండా. నర్సు తువ్వాలులో చుట్టి తీసుకుపోతుంటే చెవి ఒక్కటే కనబడింది. జ్ఞానస్నానం పొందని బిడ్డకి చర్చి సమాధుల తోటలో చోటివ్వని రోజులు పూర్తిగా పోలేదు. ఆమె ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇంట్లో పాప కోసం తెచ్చిన ఉయ్యాల కూడా తీసేశారు. "అంతా చూసుకున్నాం, మనసులో పెట్టుకోకు" అన్నాడు ఫెర్గల్. పాపని ఎక్కడ పెట్టారని అడిగితే "అమ్మనడుగు" అన్నాడు. అత్తగారు కెటిల్ వైపు తిరిగిపోయి, "తవ్వుకుంటే ఏమొస్తుందే? ఇంకొకరు పుడతారులే" అంది. పుట్టలేదు. డింప్నా మళ్ళీ అడగలేదు. లోలోపలే పాపకి రోషీన్ అని పేరు పెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉదయం బస్సు కదిలాక ఫెర్గల్ మైకు అందుకున్నాడు. "ఇవాళ కానా! దంపతులంతా పెళ్ళి ప్రమాణాలు మళ్ళీ చేస్తారు. ఆడవాళ్ళూ, పారిపోవాలనుకుంటే ఇదే ఆఖరి అవకాశం!" బస్సంతా ఘొల్లున నవ్వింది.

చర్చిలో జంటలు వరసగా నిలబడ్డాయి. ఐలీన్ కుర్చీ వాళ్ళ పక్కనే ఉంది. మలకి అనే కుర్ర ఫాదర్ ఒక్కో జంట ముందూ ఆగి అడుగుతున్నాడు. "దేవుడిచ్చిన బిడ్డలకి కృతజ్ఞతతో, అప్పుడిచ్చిన మాట మళ్ళీ ఇస్తారా?"

"ఇస్తాను" అన్నాడు ఫెర్గల్, ప్రార్థన చదివించే గొంతుతో.

ఫాదర్ ఆమె వైపు తిరిగాడు. డింప్నా నోరు తెరిచింది. వచ్చింది అనాల్సిన మాట కాదు.

"రోషీన్‌ని ఎక్కడ పెట్టావు ఫెర్గల్?"

"రోషీన్ ఎవరు?" అన్నాడతను, నిజంగానే తెలియక.

"మన పాప."

అతని మెడ ఎర్రబడింది. ఫాదర్ వైపు చూసి నవ్వాడు. "ఎండ పడలేదు ఫాదర్, పాపం."

"ఎండ కాదు. ఎక్కడ పెట్టావు?"

"ఇప్పుడా? అందరి ముందా?" గొంతు తగ్గించాడు. "నాకు తెలీదు. ఆసుపత్రి గేటు దగ్గరే అమ్మకిచ్చేశాను. ఆ రోజు స్కూలు టీముకి మ్యాచ్ ఉంది, నేను వెళ్ళాలి కదా."

డింప్నా ఇన్నేళ్ళుగా అతను దాస్తున్నాడనుకుంది. దాచడానికి అతని దగ్గర ఏమీ లేదు.

"మనూళ్ళో సముద్రం పక్కన గాలహర్ వాళ్ళ పొలం" అంది కుర్చీలోంచి ఐలీన్. "గోడ మూల. జ్ఞానస్నానం లేని పిల్లలంతా అక్కడే. కోటు కింద పెట్టుకుని తీసుకెళ్ళాను. మావాడి పక్కనే పెట్టాను, తోడుంటుందని."

"మావాడెవడమ్మా?" అన్నాడు ఫెర్గల్.

"నీకంటే ముందు పుట్టినవాడు. మీ నాన్న ఆ ఊసెత్తనిచ్చేవాడు కాదు."

డింప్నా కుర్చీ ముందు వంగింది. "ఇన్నేళ్ళూ నా ఎదురుగా ఎలా కూర్చోగలిగారు అత్తయ్యా?"

ముసలామె కళ్ళు దించుకోలేదు. "వాడు పోయాక నేను రోజూ వెళ్ళేదాన్ని అక్కడికి. ఇంట్లో పొయ్యి ఆరిపోయేది, వీడు పుట్టాక ఉయ్యాల్లో ఏడ్చేవాడు. నీకు చెప్తే నువ్వూ అంతే అయిపోతావనుకున్నాను. నీ కోసం దాచానని అనను. నా కొడుక్కి వేళకి తిండి పెట్టేవాళ్ళుండరని దాచాను."

అది క్షమాపణ కాదు. డింప్నా క్షమించనూ లేదు. కానీ ఆ ఇంట్లో తనకి దొరికిన మొదటి నిజమైన మాట అదే.

"కానీయండి ఫాదర్, వెనక వాళ్ళు కాచుకున్నారు" అన్నాడు ఫెర్గల్. "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం డింప్నా. మాట ఇచ్చెయ్యి."

ఫాదర్ కాగితం మీంచి తలెత్తాడు. "డింప్నా... ఇస్తారా?"

"లేదు ఫాదర్" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆమె చెయ్యి చాచింది. ఫెర్గల్ గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"చెయ్యి కాదు. నా పాస్‌పోర్టు."

అందరి పాస్‌పోర్టులూ అతని నడుముకి కట్టుకున్న సంచిలో ఉన్నాయి. ఫెర్గల్ సంచి జిప్పు తీసి, ఒక్కొక్కటే తిరగేసి, చివరికి ఆమెది ఇచ్చాడు. "అమ్మని ఎవరు తోస్తారు?" అన్నాడు, పిల్లాడిలా.

డింప్నా గుమ్మం వైపు నడిచింది. కొన్సెప్టా లేచి వెంట వచ్చింది. గుమ్మం దాటుతుండగా వెనక నుంచి ఐలీన్ గొంతు వినబడింది, ఉన్న బలమంతా పెట్టి.

"డింప్నా! కుడి పక్కది నీ పాప. ఎడమ పక్కన మావాడు. వాడి పేరు ఓవెన్. ఒక్కసారి పేరుపెట్టి పిలవ్వే, నేనింక అంత దూరం పోలేను."