ఆదివారం డ్యూటీ

తలుపు చప్పుడైనప్పుడు ఆమె పాపతో కుస్తీ పడుతోంది. ఒక చేతిలో పాలగిన్నె, ఒక చేతిలో చెంచా, ఒళ్ళో పిల్ల, పిల్ల నోట్లో ఎక్కడిదో ఒక బొత్తాం. అది ఎప్పుడు ఊడిందో, మింగితే ఏ ఆసుపత్రికి పరిగెత్తాలో, తీరా వెళ్ళాక డాక్టరు లేకపోతే ఏం గతో, అన్నీ క్షణంలో ఆమె కళ్ళ ముందు తిరిగాయి. వేలు పెట్టి బొత్తాం లాగేసి, ఏడుస్తున్న పిల్లను చంకనేసుకుని వెళ్ళి తలుపు తీసింది.

గుమ్మంలో మెడలో సిలువ వేసుకున్న చర్చి సిస్టర్ ఒకామె నిలబడి ఉంది. పెద్దావిడ. మూడంతస్తులు ఎక్కి వచ్చినందుకు రొప్పుతోంది.

"లిఫ్ట్ మెకానిక్ గారి ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఆయనకేమైంది?" అంది ఆమె. కొత్త మనిషి ఎవరొచ్చినా ఆమె నోట ముందు వచ్చే మాట అదే.

సిస్టర్ నవ్వేసింది. "ఏం కాలేదు తల్లీ. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి ఇంటికి మెట్లెక్కి రావలసి వచ్చింది, అంతే. కాసిని నీళ్ళివ్వు. నేను బిషప్ గారి ఆఫీసు నుంచి వచ్చాను. డీకన్ శిక్షణ తీసుకుంటున్న వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, భార్యలతో మాట్లాడటం నా పని."

నీళ్ళ గ్లాసు అందిస్తున్న చేయి మధ్యలో ఆగింది.

డీకన్ అంటే ఎవరో ఆమెకు తెలియక కాదు. పూజలో ఫాదర్ పక్కన తెల్లటి అంగీతో నిలబడి సువార్త చదువుతాడు. పిల్లలకు జ్ఞానస్నానం ఇస్తాడు, పెళ్ళిళ్ళు జరిపిస్తాడు. పెళ్ళయిన మగవాళ్ళు కూడా డీకన్లు కావచ్చునని జ్ఞానోపదేశం క్లాసులో పిల్లలకు తనే చెప్పింది. "మరి మా నాన్న?" అని ఒకడు అడిగితే, "ముందు మీ నాన్నను ఆదివారం నిద్ర లెమ్మను" అని అందరినీ నవ్వించింది కూడా.

"ఏడాది నుంచి మీ ఆయన ఒక్క ఆదివారం తప్పలేదు. అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేసేది ఆయనే" అంటూ సిస్టర్ కుర్చీలో కూలబడింది.

ఏడాది నుంచి ఆదివారం డ్యూటీ. తెల్లారగానే పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, "ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారట" అని వెళ్ళిపోయేవాడు. పూజ ఎక్కడో దారిలో చూసుకుంటానని చెప్పేవాడు. ఆమె అందరిలా ఊరుకునే మనిషి కాదు. ఆ చీకటి పెట్టెలో ఇరుక్కున్నవాళ్ళకు ఊపిరి ఆడుతుందో లేదో, వాళ్ళలో కడుపుతో ఉన్నవాళ్ళుంటే ఎలాగో అని కంగారుపడి, ప్రతి ఆదివారమూ పాపను పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ కోసం జపమాల చెప్పుకునేది. మంగళవార్త జపం సగంలో పాప పూసలు నోట్లో పెట్టుకుంటే, తుడిచి మళ్ళీ మొదలుపెట్టేది. ఇరుక్కున్నదెవరో ఆమెకిప్పుడు అర్థమైంది.

"నీకు ముందే తెలుసు కదమ్మా?" సిస్టర్ ఆమె మొహంలోకి చూసింది.

"తెలుసు సిస్టర్."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మొగుడి అబద్ధం పరాయి మనిషి ముందు బయటపడితే సిగ్గుతో చచ్చేది మొగుడు కాదు. అందుకని దాని మీద గబగబా తన అబద్ధమొకటి కప్పింది.

"నాకు తెలుసులే" అంది సిస్టర్. "ఆ పెద్దాయన సంగతి చెబుతూ మొన్న ఆయన ఏడ్చేశారు. నీకెన్నిసార్లు చెప్పి ఉంటారో!"

"మీరు చెప్పండి సిస్టర్, మళ్ళీ వింటాను."

సిస్టర్ చెప్పింది. ఏదో పాత బిల్డింగులో లిఫ్ట్ రెండంతస్తుల మధ్య ఆగిపోయిందట. లోపల ఒక్క ముసలాయన. ఛాతీ నొప్పి, భయం. మోటారు కదలటం లేదు. మెకానిక్ తలుపు సందుకు నోరు ఆనించి, ఆయనతో మాట్లాడుతూ, ప్రార్థన చెప్పిస్తూ పని చేశాడట. బయటికి తీశాక ఆ పెద్దాయన ఈయన చేయి వదలకుండా, "నువ్వు ఫాదర్‌వా నాయనా?" అని అడిగాడట. ఆ మాట ఆ రోజు నుంచి తనను నిద్రపోనివ్వలేదని, దాన్నే పిలుపుగా తీసుకున్నానని శిక్షణలో అందరి ముందూ చెప్పాడట.

ఆమె పిల్ల వీపు నిమురుతూ విన్నది. రోజూ ఏ తీగ తెగిందో, ఏ ఓనరు ఎలా విసుక్కున్నాడో అన్నం దగ్గర పూసగుచ్చినట్టు చెప్పే మనిషి, ఈ ఒక్కటీ చెప్పలేదు.

"ఇక నీ త్యాగం సంగతి వింటే మా అందరికీ కళ్ళు చెమర్చాయి. ఆయన పిలుపు కోసం నీ జ్ఞానోపదేశం క్లాసు కూడా దేవుడికి సమర్పించేశావట కదా!"

ఆమె వంగి పాప గౌను సర్దింది. నోరు తెరిస్తే ఏడుపొచ్చేది.

బడి చదువు తొమ్మిదితో ఆగిపోయింది. నలుగురిలో నోరు విప్పాలంటే ఈనాటికీ ఆమెకు కాళ్ళు వణుకుతాయి. కానీ గుడి వెనక గదిలో, మొదటిసారి సత్ప్రసాదం, పూజలో ఇచ్చే అప్పం, అందుకోవడానికి తయారయ్యే పిల్లల ముందు నిలబడితే ఆ వణుకు ఏమయ్యేదో! క్లాసక్క అని పిలిచేవాళ్ళు. పాపసంకీర్తనం ఎలా చేయాలో నేర్పడానికి తనే ఫాదర్‌లా తెర వెనక కూర్చునేది. ఒకడు తన పాపాలు తొందరగా అయిపోయాయని వాళ్ళక్క పాపాలు చెప్పడం మొదలుపెట్టేవాడు. నాలుక మీద అప్పం ఎలా అందుకోవాలో నేర్పబోతే, ఒకత్తి ఇంకొకటి పెట్టమని నోరు తెరిచే ఉంచేది. ఆ గదిలో ఆమెకు రేపటి గురించి భయం ఉండేది కాదు. తను ఇందుకే పుట్టిందేమో అని ఎవరికీ చెప్పకుండా అనుకునేది. పాప పుట్టాక, ఆదివారం డ్యూటీ వచ్చాక, పిల్లను చూసేవాళ్ళు లేక ఆ క్లాసు వదిలేసింది. వదిలేసిన రోజు గుడి గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ ఏడుపును మొగుడు తీసుకెళ్ళి, తన పిలుపుకు సాక్ష్యంగా ఎవరి ముందో చదివాడన్నమాట.

వెళ్ళేముందు సిస్టర్ ఆమె చేయి పట్టుకుంది. "శనివారం మీరిద్దరూ మా ఆఫీసులో ఈ శిక్షణ చూసే పెద్ద ఫాదర్ దగ్గరికి రావాలి. నిన్నొక్కదాన్నే లోపల కూర్చోబెట్టి అడుగుతారు. భార్య మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఆయన ముందుకు వెళ్ళేది. ఇంకో మాట. డీకన్ అయ్యాక, దేవుడు అలా రాయకూడదు గానీ, నీకేదైనా అయితే ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు. అన్నీ ఆలోచించుకో."

తలుపు వేశాక ఆమె ఆలోచించుకున్న మొదటి విషయం, తను పోతే పాపకు జడ ఎవరు వేస్తారని.

సాయంత్రం మెకానిక్ వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుంటున్నాడు. సబ్బు అందిస్తూ ఆమె మామూలుగానే అడిగింది.

"ఈ ఆదివారం ఎవరు ఇరుక్కుంటున్నారండీ?"

అతను సబ్బు రుద్దడం ఆపేశాడు. "ఎవరు చెప్పారు?"

"సిస్టర్ వచ్చి వెళ్ళింది."

నీళ్ళు ధారగా పోతూనే ఉన్నాయి. అతనే కొళాయి కట్టేసి, తడి చేతులతో గోడకు ఆనుకున్నాడు.

"చెబుదామనే అనుకున్నా. మొదట ఊరికే చూసొద్దామని వెళ్ళాను. నీకు చెబితే భయపడతావు. నీకు దేనికి భయం లేదు గనక! తర్వాత మధ్యలో ఎలా చెప్పను?"

"క్లాసు సంగతి మాత్రం వాళ్ళకు బాగా చెప్పారట."

"అదీ... నువ్వు వదిలేశావు కదా."

"మీకు డ్యూటీ అని వదిలేశాను. లిఫ్టులో జనం చచ్చిపోతారని వదిలేశాను."

"ఇప్పుడేం, దేవుడి పనికే కదా? తాగడానికి వెళ్ళానా, తిరగడానికి వెళ్ళానా?"

"తాగడానికి వెళ్ళుంటే నలుగురూ నా వైపు మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు అందరూ నాకు దండం పెడుతున్నారు. నేనెవరితో చెప్పుకోను?"

అతను తలొంచుకున్నాడు. మెల్లగా, "నువ్వు సరే అంటావని నాకు తెలుసే" అన్నాడు.

"తెలిస్తే అడగడానికేం?"

పాప పాకుతూ వచ్చి అతని కాలు పట్టుకుని లేచి నిలబడితే, బతికిపోయానన్నట్టు పిల్లను ఎత్తుకున్నాడు.

ఆ వారమంతా ఆమె అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. వండింది, పెట్టింది, బట్టలు ఉతికింది. మెకానిక్ మొదటి రెండు రోజులు పిల్లిలా తిరిగాడు. తర్వాత ఆ మౌనం అలవాటైపోయి, దాన్నే ఒప్పుకోలుగా లెక్కేసుకున్నాడు. శుక్రవారానికి ఈల వేస్తూ బూట్లకు పాలిష్ పెట్టుకున్నాడు. ఆమె మాత్రం లోపల్లోపల నలిగిపోయింది. అతనికి వచ్చింది నిజమైన పిలుపే కావచ్చు. ఆ ముసలాయన కథ విన్నప్పుడు తనకూ ఒళ్ళు జలదరించింది. అలాంటిదానికి తను అడ్డుపడితే? దేవుడికి కోపం వచ్చి, ఆ కోపం పాప మీద పడితే? పిల్ల తుమ్మినా ఉలిక్కిపడింది.

శనివారం బిషప్ గారి ఆఫీసు మేడ మీద, పెద్ద ఫాదర్ మెకానిక్‌ను బయట బెంచీ మీద కూర్చోమని, ఆమెను లోపలికి పిలిచాడు. బక్కపలచని మనిషి, జలుబుతో ముక్కు ఎర్రబడి ఉంది. పాప ఆయన బల్ల మీద కాగితాలకు బరువుగా పెట్టిన గాజు గుండును లాక్కుంటే, ఆడుకోనిమ్మన్నాడు.

"బలవంతమేమీ లేదమ్మా. నీ భర్త డీకన్ కావడం నీకు ఇష్టమేనా?"

"ఒక మాట అడగొచ్చా ఫాదర్? నేను కాదంటే దేవుడు... పాపకేమైనా అవుతుందా?"

ఆయన రుమాలు కింద పెట్టాడు. "దేవుడు పిల్లల్ని తాకట్టు పెట్టుకోడు తల్లీ. అలా చెప్పి నిన్నెవరైనా భయపెట్టారా?"

"లేదు ఫాదర్. నేనే భయపడ్డాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడైతే, ఇష్టం లేదు."

ఆమె పాపను దగ్గరికి లాక్కుంది.

"నీకు మొదటి నుంచీ తెలుసని, సంతోషమని సిస్టర్ చెప్పిందే?"

"ఆమెకు అబద్ధం చెప్పాను. దానికి పాపసంకీర్తనం చేసుకుంటాను. సిస్టర్ వచ్చేదాకా నాకు ఒక్క ముక్క తెలియదు."

పెద్ద ఫాదర్ ముందున్న ఫైలు మూసి పక్కన పెట్టాడు. "ఎప్పటికీ ఇష్టం లేదా, ఇప్పటికా?"

"ఆయన నన్ను అడిగిన రోజు చెబుతాను. ఇంతవరకూ అడగలేదు ఫాదర్. ఈ మాట మొట్టమొదట అడిగింది మీరే."

"న్యాయమే" అన్నాడాయన. ముక్కు తుడుచుకుని, "నీకేమైనా కావాలా అమ్మా?" అన్నాడు.

"ఆదివారం నా క్లాసు."

"అది మీ గుడి ఫాదర్ చేతిలో ఉంది. ఇప్పుడు ఎవరో రిటైరైన టీచరమ్మ చూస్తోందట, బాగానే చెబుతోందట. కనుక్కుంటాను."

కనుక్కుంటానన్న మాటకు అర్థం ఆమెకు తెలుసు. మొగుడి పిలుపుకు ఒక ఆఫీసు ఉంది, ఒక సిస్టర్ ఉంది, ఒక పెద్ద ఫాదర్ ఉన్నాడు. తన పిలుపు ఎవరూ కూర్చోని బెంచీలా వరండాలో పడి ఉంది. దండం పెట్టి బయటికి వచ్చింది.

మెకానిక్ నవ్వుతూ లేచి నిలబడ్డాడు. ఆమె మొహం చూశాక ఆ నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏం చెప్పావు?"

"ఇష్టం లేదన్నాను."

"వారమంతా మాట్లాడకుండా... నేను సరేనన్నావనే అనుకున్నానే! నమ్మించి ఇక్కడిదాకా తీసుకొచ్చి నా గొంతు కోస్తావా?"

"ఎలా ఉంది?" అంది ఆమె. వెటకారానికి అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"దేవుడికి అడ్డం పడ్డావు" అని అతను వెనక్కి తిరిగి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

తను ఏ మాటకు భయపడి వారమంతా నిద్ర మానుకుందో, సరిగ్గా ఆ మాటే. గుచ్చుకుంది. కానీ మనిషి కూలిపోలేదు. పాప ఆమె చెవి పోగు పట్టుకుని లాగుతోంది. కింద అతని బూట్ల చప్పుడు దూరమవుతోంది.

"ఏవండీ" అని పిలిచింది. "పిల్లనెత్తుకోండి. చేతులు పడిపోతున్నాయి."

చప్పుడు ఆగింది. తర్వాత అతను మెట్లెక్కి వచ్చాడు. ఆమె వైపు చూడకుండా రెండు చేతులూ చాచాడు. ఆమె పాపను ఆ చేతుల్లో పెట్టి, "తల జాగ్రత్త" అంది. అతను ముందు, ఆమె వెనక కిందికి దిగారు.