దొడ్డుబియ్యం మీద సన్నబియ్యం

బెంజమిన్ అబద్ధాలకోరు కాడు. కాగజ్‌నగర్ కాగితం మిల్లులో ఇరవయ్యేళ్లు, మిల్లు మూతపడ్డాక కరీంనగర్ వచ్చి ఒక గ్రానైటు వ్యాపారి ఆఫీసులో పదేళ్లు పనిచేశాడు. ఎక్కడా మాట పడలేదు. అలాంటి మనిషి భార్య గ్రేస్ పోయిన ఈ ఆరు నెలల నుంచీ ఒకే ఒక్క అబద్ధాన్ని పట్టుకుని వేలాడుతున్నాడు. తిండి సంగతి ఎవరడిగినా "వండుకుంటున్న" అంటాడు. ఎక్కడి వంట! ఆమెను దవాఖానకు తీసుకుపోయిన పొద్దున ఆరిన పొయ్యి మళ్లీ వెలిగితేనా.

ఈ అబద్ధానికి ఒక రేకు డబ్బాతో గండం ఉంది. వాళ్ల మెథడిస్టు సంఘంలో ఆడవాళ్లు పూటపూటకూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. శనివారం శనివారం స్త్రీల సమాజం నుంచి లచ్చవ్వ వచ్చి ఆ బియ్యం సంచిలో పోసుకుపోతుంది. ఆదివారం అవి లేనివాళ్ల ఇళ్లకు చేరతాయి. గ్రేస్ పోయిన కొత్తలో, పాపం దుఃఖంలో ఉన్నాడులే అని లచ్చవ్వ రాలేదు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా తలుపుకు తాళమే, ఎందుకంటే శనివారం వచ్చిందంటే ఈయన పొద్దున్నే బయటికి జారుకునేవాడు. చివరికి మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి గేటు దగ్గర దొరికిపోయాడు. వచ్చే శనివారం ఇంట్లోనే ఉండమని, డబ్బా కోసం వస్తానని చెప్పి వెళ్లింది లచ్చవ్వ.

వండుకుంటున్నాడంటే డబ్బాలో బియ్యం ఉండాలి కదా. లేవని తెలిస్తే ఏం జరుగుతుందో ఆయనకు బాగా తెలుసు. వండుకోలేని ఒంటరివాళ్ల పేర్లన్నీ ఒక చీటీ మీద రాసి, వంతుల ప్రకారం ఇంటింటి నుంచీ టిఫిన్ గిన్నెలు పంపిస్తారు. మొన్నమొన్నటిదాకా ఆ చీటీ రాసింది గ్రేసే. ఇప్పుడు అందులో తన పేరు ఇంకొకరి చేతిరాతలో ఎక్కడం కంటే పస్తులుండటం నయమని బెంజమిన్ నిర్ణయించుకున్నాడు.

సోమవారం బస్టాండు పక్కన హనుమంతు బండి దగ్గర ఇడ్లీ తిన్నాడు. పేపరు లేనిదే ఆయనకు ముద్ద దిగదు, పేపరు పట్టుకుంటే నోరు ఊరుకోదు. పెళ్లయిన కొత్త నుంచీ అంతే. గ్రేస్ వంట చేస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని వార్త చదివేవాడు, దానికో వాత పెట్టేవాడు. ఆమె నవ్వేది, లేదంటే గరిటె చూపించి "ఇగ చాలు" అనేది. ఇప్పుడు వినేవాళ్లు లేక, పక్కన ఎవరుంటే వాళ్లకు వినిపిస్తున్నాడు. ఎవరో నాయకుడు హాస్టలు పిల్లలతో కలిసి అన్నం తిన్నాడని పెద్ద ఫొటో వేశారు. "ఫొటో తీసినోడు తిన్నడో లేదో రాయలే" అన్నాడు బెంజమిన్. హనుమంతు దోసె తిప్పుతూ ఊఁ అన్నాడు. ఆ ఊఁ ఈయనకో, చట్నీ అడిగినవాడికో తెలియలేదు.

మంగళవారం పూరీ. రెండు రోజుల్లో వానలు పడే అవకాశం ఉందని పేపర్లో రాశారు, బయట అప్పటికే మోకాళ్ల లోతు నీళ్లు. వెటకారానికి ఇంతకంటే మంచి అవకాశం దొరుకుతుందా అనుకుంటే నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న కాలేజీ అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని ఉంది. ఆ నవ్వు ఎవరికీ పనికిరాకుండా పోయింది.

బుధవారం సింగిల్ బిర్యానీ. నలుగురు కూర్చునే టేబుల్ దగ్గర ఒక్కడే కూర్చుంటే సర్వరు అటూ ఇటూ తిరుగుతూ ఎప్పుడు లేస్తాడా అని చూశాడు. లోపలి పేజీలో ఏదో సర్వే. ఒంటరిగా తినేవాళ్లు ముద్ద సరిగ్గా నమలరట, గబగబా తిని లేచిపోతారట. దీనికి ఏదో ఒక మాట అనాలని చాలాసేపు వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు, పైగా పళ్లెం చూసుకుంటే అప్పటికే ఖాళీ అయింది.

గురువారం ముసురు. మిర్చి బజ్జీలు పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. తినడం అయ్యాక, పొట్లం కాగితమైనా సరే, అచ్చు కనబడితే చదవకుండా పారెయ్యడు కదా. అది ఏప్రిల్ నెల పేపరు. రేషన్ షాపుల్లో ఇకనుంచి దొడ్డుబియ్యం కాదు, సన్నబియ్యం అని రాసి ఉంది. ఆ వార్త ఆయనకు తెలియంది కాదు. ఊరంతా పండగ చేసుకున్నప్పుడు కూడా ఈయన కార్డు తీసుకుని షాపుకు పోలేదు. ముప్పై ఏళ్లు గ్రేస్ దొడ్డుబియ్యంలో రాళ్లు ఏరింది. ఏనాటికైనా కార్డు మీద సన్నబియ్యం ఇస్తారా అని నెలనెలా అడిగేది. మార్చిలో ఆమె పోయింది, ఏప్రిల్‌లో బియ్యం వచ్చాయి. ఎంత దుఃఖం వచ్చిందంటే, నూనె కాగితాన్ని అలాగే చేత్తో పట్టుకుని చీకటి పడేదాకా కూర్చున్నాడు. తర్వాత దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

శుక్రవారం అరటిపండ్లు, బ్రెడ్డు. వాటితో పాటు కిరాణా కొట్టులో రెండు కిలోల సన్నబియ్యం కొన్నాడు. ఇంటికొచ్చి వంటింటి అరలోంచి రేకు డబ్బా దించాడు. దాని మూత చివరిసారి తీసిన చెయ్యి ఎవరిదో తెలుసు కాబట్టి లోపలికి చూడలేకపోయాడు. ముఖం పక్కకు తిప్పుకుని బియ్యం కుమ్మరించి, మూత బిగించాడు. ఇంతటితో గండం గడిచిందని అనుకున్నాడు, వెర్రిమనిషి.

శనివారం పదింటికి లచ్చవ్వ వచ్చింది. చేట అడిగి తీసుకుని, గడప దగ్గర కూర్చుని డబ్బా వంచింది. పైనుంచి మల్లెమొగ్గల్లాంటి సన్నబియ్యం జారాయి. ఆమె చెయ్యి ఆగింది. ఇంకా వంచితే అడుగు నుంచి లావుపాటి ఎర్రజీర గింజలు, వాటితో పాటు నాలుగు నల్లటి పురుగులు, చేటలో ఓ పక్కన పడ్డాయి. బెంజమిన్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గివి గ్రేసక్క ఏసినయి" అంది లచ్చవ్వ. "దవాఖానకు పోయిన పొద్దుగాల ఏసినట్టుంది. పైనయన్ని పురుగు ముట్టని కొత్తయి. గా దినం నుంచి గీ డబ్బల చెయ్యే వడలే. పొయ్యి ముట్టిస్తలేవా అన్నా?"

ఆయన అబద్ధం చెప్పబోయాడు. చేటలో దొడ్డుగింజలు కళ్లబడ్డాయి. లేదన్నట్టు తల ఊపి, చీటీలో తన పేరు మాత్రం రాయొద్దని అడిగాడు.

లచ్చవ్వ దొడ్డుగింజలన్నీ ఒక్కొక్కటే వేరుచేసి, పురుగులు చెరిగి, కొంగున మూట కట్టుకుంది. ముక్కు చీదుకుని లేచింది.

"రాయ. గ్రేసక్కయి నేను తీస్కపోత, ఆర్నెల్ల కింద తీస్కపోవాల్సినయి. గీ సన్నయి మాత్రం తీస్కపోను. నువ్వు కొన్నయి గని, నువ్వు వండంగ తీసినయి కావు. పైవారం మల్లొస్త."

ఆమె వెళ్లిపోయాక ఇల్లు ఇంకా ఖాళీగా అనిపించింది. మధ్యాహ్నం హోటలుకు పోదామని చెప్పులు వేసుకుని, మళ్లీ విప్పాడు. పొయ్యి మీద దుమ్ము తుడిచాడు. లైటరు పదిసార్లు నొక్కితే మంట వచ్చింది. ఎసరు పెట్టి, ఒక్క మనిషికి ఎంత బియ్యం కావాలో తెలియక, చేటలోని సన్నబియ్యాన్ని గ్రేస్ కొలిచే గ్లాసుతోనే కొలిచి కడిగే గిన్నెలో పోశాడు. అందులోంచి ఒక పిడికెడు తీశాడు. ఆయన పిడికిలి పెద్దది. ఖాళీ డబ్బాలో బియ్యం గలగలమని పడ్డాయి. మిగతావి కడిగి ఎసట్లో పోసి మూత పెట్టాడు.

పాత అలవాటు ప్రకారం వెళ్లి వంటింటి గడప మీద కూర్చున్నాడు. ఇవాళ్టి పేపరు విప్పలేదు. జేబులోంచి నూనె కాగితం తీసి, మడతలు సాఫు చేసి, పొయ్యి వైపు తిరిగి పైకి చదివాడు.

"గ్రేసూ, రేషన్ల ఇగ సన్నబియ్యమేనట. నీకు రాళ్లు ఏరుడు తప్పిందే."

చాలు అన్నవాళ్లు లేరు. ఎసరు పొంగి మూత ఎగిరెగిరి పడుతుంటే, చూసేవాళ్లు ఇంకెవరూ లేరని గుర్తొచ్చి, ఆయనే లేచి మూత తీశాడు.