సూర్యుడు తగ్గిన ఏడు

భర్త ఉపేందర్‌కు నైట్ షిఫ్టు పడ్డ వారం యమున కుక్కర్ పెట్టదు. కూతకు ఆయన నిద్ర లేస్తాడని. సెంటినరీ కాలనీలో అన్ని ఇళ్ళల్లోనూ అంతే. రాత్రంతా గనిలో పనిచేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే, ఆడవాళ్ళు అడుగుల చప్పుడు కూడా వినపడకుండా తిరగాలి. అందుకే ఆమె గిన్నెలో ఎసరు పెట్టి, గంజి వార్చి, ఇంకో అరగంట పొయ్యి దగ్గర ఉడుకుతుంది. పైగా రోహిణి కార్తె. కూలర్ ఆయన గదిలో ఉంది. ఒకసారి దాన్ని కాస్త వంటింటి వైపు తిప్పితే అత్త అనసూర్య ఊరుకోలేదు. "నా కొడుకు బొగ్గుల మాడి వస్తుండు. నీడపట్టున ఉన్నదానివి, నీకేం ఉడుకే?" అంది. వంటింటిని నీడపట్టు అనేవాళ్ళతో ఏం వాదిస్తాం!

కొంగుతో మెడ తుడుచుకుంటూ యమున గది గుమ్మంలో నిలబడింది. వెలుతురు రాకుండా కిటికీకి కొట్టిన అట్టకు సన్నటి రంధ్రం పడింది. అందులోంచి సూర్యుడు బిళ్ళంత గుండ్రంగా గదిలోకి వచ్చి, గోడ మీంచి మెల్లగా దిగుతూ ఉపేందర్ భుజం మీద వాలాడు. ఆ చిన్న చల్లని సూర్యుణ్ణి చూస్తుంటే కరీంనగర్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన రోజులు మత్తులా కమ్ముకుంటాయి. పెళ్ళయి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో, అంతరిక్షంలోని టెలిస్కోపు రోజూ తీసే సూర్యుడి ఫొటోను ఫోన్‌లో చూడని రోజు లేదు. ఆ ముఖం నిండా నల్ల మచ్చలున్న ఏళ్ళలో, విచిత్రం, సూర్యుడు రవ్వంత ఎక్కువే వెలుగుతాడు. మచ్చలు మాయమైన ఏళ్ళలో రవ్వంత తగ్గుతాడు. తగ్గి మళ్ళీ పెరగడానికి ఇంచుమించు పదకొండేళ్ళు. ఆమె కాపురానికీ ఒక చుట్టు పూర్తయింది.

కమాన్‌పూర్ బడి నడిపే సంధ్యారాణి మేడం ఏటా వేసవిలో అడుగుతుంది, జూన్ నుంచి సైన్సు చెప్తావా అని. ఉపేందర్ కాదనడు. కాదంటే ఎదురైనా తిరగొచ్చు. "ఎండలు తగ్గనీ, చూద్దాం" అంటాడు ముద్దుగా. ఆమె నమ్మింది. ఫొటోలో మచ్చలు తగ్గుతున్న కొద్దీ, చదివిన చదువంతా మరిచి, పిచ్చిదానిలా చల్లదనం కోసం ఎదురు చూసింది. చిన్న కూతురు పుట్టిన రెండువేల పంతొమ్మిదిలో ఎన్నెన్ని రోజులో ఆ ముఖం మీద ఒక్క మచ్చ లేదు. ఆ వేసవిలోనూ తారు రోడ్డు చెప్పులకు అంటుకుంది. అది చూసిన రోజు బాత్రూంలో కూర్చుని ఏడ్చింది. తన మీద తనకే సిగ్గేసింది.

ఈసారి మేడం ఈ పూటలోగా చెప్పమంది. లేదంటే ఇంకొకరిని తీసుకుంటుందట.

పప్పు తాలింపు ఘాటుకు ఉపేందర్ కళ్ళు తెరిచాడు.

"బావా, మేడంకు గీ పూటనే చెప్పాలె. లేకుంటె వేరేటోళ్ళను పెట్టుకుంటరట."

"బయట జూసినవా? సూర్యునికే పిచ్చి లేసింది. ఎండలు తగ్గనీ, చూద్దాం."

"సూర్యుడు ఒకసారి తగ్గిండు బావా."

"ఎప్పుడే?" నవ్వాడు.

"మన చిన్నది పుట్టిన ఏడు. మనకే సల్లగ తాకలే. ఆయన ఎక్కువ తక్కువలతోని ఇక్కడ వచ్చే తేడా డిగ్రీలో పదో వంతు. ఏండ్ల సంది పెరుగుకుంట వస్తున్న ఉడుకు ఆయనది కాదు. మనుషులం బొగ్గు, డీజిలు కాలవెట్టిన పొగది."

ఉపేందర్ లేచి కూర్చున్నాడు. "అంటే నేను తవ్వే బొగ్గుదే తప్పంటవా?"

ఆయన గోళ్ళల్లో నలుపు ఎంత కడిగినా పోదు. చూస్తే ఆమెకు నిజంగానే జాలేసింది. ఆ జాలే ఇన్నేళ్ళూ తన నోరు నొక్కిందని కూడా అప్పుడే తెలిసింది.

"నిన్నంటలేను బావా. ఎండలు ఇప్పట్ల తగ్గయంటున్న."

"తగ్గకుంటె ఏం జేస్తవే మరి?"

యమున ఫోన్ చేతిలోకి తీసుకుని మేడం నంబరు నొక్కింది.

"ఎండలనే పోత."